కొలువు రాకముందే పెట్టిన కృతజ్ఞత కూడిక

స్తుతులకు పాత్రుడైన నా దేవునికి ముందుగా వందనాలు. ఈ ఉదయం ఊపిరితో లేపినందుకు, ఇంటిల్లిపాదినీ కాపాడినందుకు, ఇన్నేళ్లు ఒకే ఉద్యోగంలో నిలబెట్టినందుకు ఆయనకే మహిమ. ఈ చివరి మాట రాస్తుంటే చెయ్యి కాస్త ఆగింది. అయినా రాశాను. మనసు బాగున్నప్పుడే కాదు, బాగాలేనప్పుడూ స్తుతి చెల్లించాలని నాకు చిన్నప్పటి నుంచి నేర్పారు. బాగాలేనప్పుడు చెల్లించడం ఎంత కష్టమో మాత్రం ఎవరూ చెప్పలేదు. అది ఈ సంవత్సరమే తెలిసింది.

నాచారం పారిశ్రామికవాడలో మందు సీసాలకు ప్లాస్టిక్ మూతలు చేసే ఒక ఫ్యాక్టరీలో నేను స్టోర్స్ ఇన్‌చార్జిని. మూతలకు కావలసిన ప్లాస్టిక్ గుళికల బస్తాలు దించుకోవడం, మిషన్లకు పంపడం, తయారైన మూతల పెట్టెలు లారీకి ఎక్కించడం నా పని. పెళ్లయిన కొత్తలో చేరాను. ఇప్పుడు మా అమ్మాయి డిగ్రీ చదువుతోంది. ఇన్నేళ్లలో నేను వేరే కొలువు వెతకలేదు. వెతకాలని తోచలేదు కూడా. ఇంటి నుంచి స్కూటర్ మీద వెళ్తే చెంగిచెర్ల, బోడుప్పల్, ఉప్పల్ చౌరస్తా, నాచారం. కళ్లు మూసుకున్నా ఆ దారి కనబడుతుంది. అన్నిటికీ మించి ఆదివారం సెలవు.

మా సంఘం నాచారంలోనే ఒక సందులో, రేకుల కప్పున్న హాలులో కూడుకుంటుంది. నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అంటే యేసు జ్ఞాపకంగా అందరం రొట్టె, ద్రాక్షరసం పంచుకోవడం. ఆ బల్ల సిద్ధం చేసే పని చాలా ఏళ్లుగా నాది. అందరికంటే ముందు వెళ్లి షట్టర్ ఎత్తుతాను. జంపఖానాలు పరుస్తాను. చిన్న గ్లాసులు కడిగి, తుడిచి, ద్రాక్షరసం పోసి, రొట్టె ముక్కలు చేసి, తెల్లబట్ట కప్పుతాను. ప్రసంగం చేసే వరం నాకు లేదు. పాట ఎత్తుకుంటే పక్కవాళ్లు నవ్వుతారు. నాకు దేవుడిచ్చింది ఆ గ్లాసులు తుడిచే పని. నేను దాన్ని చిన్న పనిగా ఎప్పుడూ అనుకోలేదు.

పోయిన ఏడాది మా పాత యజమాని ఫ్యాక్టరీని అమ్మేశాడు. కొన్నవాళ్లు పెద్ద మందుల కంపెనీల ఆర్డర్లు తెచ్చారు. మంచిదే. కానీ మిషన్లు ఆపితే మళ్లీ వేడెక్కడానికి టైం పడుతుందని, ఇక ఆదివారం ఆపేది లేదన్నారు. అందరికీ వారంలో ఒక్కొక్క రోజు సెలవు పంచారు. నాకు మంగళవారం వచ్చింది.

కొన్నాళ్లు ఒక మనిషి నన్ను ఆదుకున్నాడు. లోడింగ్ చూసే మా తమ్ముడు. సొంత తమ్ముడు కాదు. జనగామ వైపు నుంచి వచ్చి బతుకుతున్నవాడు, నన్ను అన్న అంటాడు. శివరాత్రికి అతను కుటుంబంతో కీసర గుట్టకు వెళ్లాలంటే అతని డ్యూటీ నేను చేసేవాణ్ణి. ఆ బాకీ తీరుస్తున్నట్టుగా నా ఆదివారాలు అతను చేశాడు.

"నీ దేవుని దగ్గరికి నువ్వు పో అన్నా. నా దేవుడు ఆదివారమే రమ్మని అడగడు" అనేవాడు నవ్వుతూ.

తర్వాత వేలిముద్ర మిషన్ పెట్టారు. ఎవరి రోజు వాళ్లే వేలు పెట్టాలి. మా ఇద్దరి ఒప్పందం అక్కడితో ఆగింది. మొదటి ఆదివారం ఒక్కటైనా ఇవ్వమని నెలనెలా మేనేజర్‌ను అడిగాను, కుదరదన్నాడు.

నేను లేకుండా మొదటిసారి బల్ల జరిగిన ఆదివారం ఫ్యాక్టరీలో బస్తాల మధ్య నిలబడి ఉన్నాను. ఆరాధన మొదలయ్యే వేళకు లారీ వచ్చింది. ఆ సాయంత్రం హాలుకు వెళ్లి చూస్తే గ్లాసులు కడిగి బోర్లించి ఉన్నాయి. ఎవరో శుభ్రంగా చేశారు. నేను లేకపోయినా పని జరిగింది. అది చూసి సంతోషపడాల్సింది. పడలేదు.

అందుకే ఈ వయసులో కొలువు మారదామని నిర్ణయించుకున్నాను. జీతం కోసం కాదు, హోదా కోసం కాదు. ఆదివారం కోసం.

మా అమ్మాయి ల్యాప్‌టాప్ ముందు కూర్చుని నా పేరు మీద ఉద్యోగాల వెబ్‌సైట్‌లో ఖాతా తెరిచింది. పుట్టిన సంవత్సరం ఎంచుకోవాలి. పైన ఈమధ్య సంవత్సరాలు, కిందికి జరుపుతుంటే పాతవి. అది జరుపుతూనే ఉంది.

"ఆగు, ఎటు పోతున్నవ్?" అన్నాను.

"నీ సంవత్సరం ఇంకా కింద ఉన్నది డాడీ."

వాళ్లమ్మ వంటగదిలోంచి నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత అది నెమ్మదిగా ఇంకో మాట చెప్పింది. బయోడేటాలో మొదటి పదేళ్లు తీసేద్దామంది. అప్పుడు వయసు అంత కనబడదట, అందరూ అలాగే చేస్తారట.

"మోకాళ్ల మీద అడిగినదాన్ని కాగితం మీద దాచిపెట్టి తెచ్చుకుంటనా బిడ్డా?" అన్నాను.

అది ఆ పదేళ్లూ అలాగే ఉంచేసింది. ఆ శనివారం మా బావమరిది వచ్చి జుట్టుకు నల్లరంగు వేసుకోమన్నప్పుడు మాత్రం నేను వేసుకున్నాను. ఏళ్లు దాచను గానీ వెంట్రుకలు దాచొచ్చా అని నన్నెవరూ అడగలేదు. నన్ను నేను కూడా అడగలేదు.

హబ్సిగూడలో కొలువులు ఇప్పించే ఒక ఏజెన్సీకి వెళ్లాను. అక్కడ కూర్చున్న అబ్బాయి మర్యాదస్తుడే. నీళ్లిచ్చాడు. నా వివరాలు చూసి తల పట్టుకున్నాడు.

"సార్, ఒక్కటే కంపెనీ ఉంది."

"అవును."

"ఇన్నేళ్లు ఒకే దగ్గర ఎందుకున్నరు సార్?"

నమ్మకంగా ఉండడం మంచిదని ఆదివారం బడిలో నేర్పారు. పిల్లలకు నేనే నేర్పాను. ఎక్కడా నిలవనివాడిని ఎందుకు నిలవలేదని అడుగుతారనుకున్నాను గానీ, నిలిచినవాడిని కూడా అడుగుతారని తెలియదు. ఏదో తప్పు చేసి దాక్కున్నవాడిలా నన్ను చూశాడు.

"మరి ఇప్పుడెందుకు మారుతున్నరు?"

"ఆదివారం కోసం."

అతను టైప్ చేస్తూ ఆగాడు. "అంటే ఫ్యామిలీ టైమా సార్?"

"కాదు నాయనా. ఆరాధన."

"అది ఏ కాలమ్‌ల పెట్టాలె సార్?"

అతని తప్పేం లేదు. నిజంగానే అక్కడ దానికి చోటు లేదు.

మల్లాపూర్‌లో ఒక చిన్న కంపెనీ పిలిచింది. యజమాని అంతా విని, నా పనితనం బాగుందని మెచ్చుకుని, చివరికి గొంతు తగ్గించి అన్నాడు. "మా మేనేజర్ మీకన్నా చాలా చిన్నోడు. మీకు పని చెప్పాలంటే ఆయనకే మొహమాటం అయితది. ఆయన మిమ్మల్ని అంకుల్ అంటడు, మీరు ఆయనను సార్ అంటరు. ఎట్ల నడుస్తది చెప్పున్రి?" నేను సార్ అనడానికి సిద్ధమే అన్నాను. "మీరు సిద్ధమే, ఆయన కాదు" అన్నాడు. ఇంకో చోట రమ్మని పిలిచి, నన్ను చూసి, ఆ ఉద్యోగం నిన్ననే అయిపోయిందన్నారు. మర్నాడు మా అమ్మాయి చూస్తే ఆ ప్రకటన వెబ్‌సైట్‌లో అలాగే ఉంది.

ఇంటికొచ్చి మోకరించేవాణ్ణి. మొదట్లో "నీ చిత్తం ప్రభువా" అని ప్రార్థన మొదలయ్యేది. కొన్నాళ్లకు "ఎందుకు ప్రభువా" అని మొదలవుతోంది. నేను అడుగుతున్నది నీ బల్ల దగ్గర నిలబడే రోజే కదా, దాన్ని ఇవ్వడానికి ఇంత ఆలస్యమా అని ఆయనతో గట్టిగానే మాట్లాడాను. పక్కింటివాళ్లకు వినబడే ఉంటుంది.

వేసవిలో సైనిక్‌పురిలోని ఒక ప్రైవేటు స్కూలు నుంచి పిలుపొచ్చింది. పుస్తకాలు, యూనిఫాంల స్టోర్స్ చూసుకోవాలి, బస్సుల సంగతీ చూసుకోవాలి. వెళ్లాను. చెట్ల నీడలో ప్రశాంతమైన వీధి. కరస్పాండెంట్ మేడమ్ నాకంటే పెద్దావిడ. నా వయసు అడగలేదు. కుర్చీ చూపించి, మంచి ప్రశ్నలే అడిగింది. చివరికి నేనే చెప్పాను, ఎందుకు మారుతున్నానో.

"మాకు ఆదివారం ఎలాగూ సెలవేనండీ" అందామె. "ఇప్పుడున్నాయన మానేస్తున్నారు. బళ్లు తెరిచేలోపు ఒకరిని చేర్చుకోవాలి. మా వాళ్లతో మాట్లాడి ఫోన్ చేయిస్తాను."

ఆదివారం సెలవు అనే మాట ఇన్ని నెలల తర్వాత ఒక యాజమాన్యం నోట విన్నాను. తిరిగొస్తూ స్కూటర్ రోడ్డు పక్కన ఆపి, హెల్మెట్ తీయకుండానే కళ్లు మూసుకుని స్తోత్రం చెప్పాను.

ఇక్కడ మా సంఘంలో ఉన్న ఒక అలవాటు గురించి చెప్పాలి. బయటివారికి వింతగా ఉంటుంది. ఏదైనా అడిగినప్పుడు, అది దొరికిందని నమ్మి, చేతికి అందకముందే దేవునికి కృతజ్ఞత చెల్లిస్తాం. ఇల్లు కట్టకముందే ఖాళీ జాగాలో నిలబడి ఇంటి కోసం కృతజ్ఞత చెప్పినవాళ్లున్నారు. బిడ్డలు లేనివాళ్లు ఉయ్యాల కొని ఇంట్లో పెట్టుకోవడం, మరుసటి ఏడు అందులో బిడ్డ పడుకోవడం నేను కళ్లారా చూశాను. అందుకే దీన్ని నేను ఎన్నడూ తేలిగ్గా తీసుకోలేదు.

నేను ఇల్లు చేరి విషయం చెప్పానో లేదో, నా భార్య స్త్రీల సహవాసంలో అందరికీ ఫోన్ చేసింది. సాయంత్రానికి పాస్టరయ్యగారి ఫోన్ వచ్చింది.

"బ్రదర్, తలుపు తెరుచుకున్నది. ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టుకోండి."

"అయ్యగారూ, వాళ్లు ఫోన్ చేస్తమన్నరు, అంతే."

"ఫోన్ చేసినంక కృతజ్ఞత ఎవరైనా చెప్తరు బ్రదర్."

ఆ మాట నాకు గుచ్చుకుంది. నా విశ్వాసం మీద నాకే అనుమానం వచ్చింది. నా భార్య ఇంకో మాట అంది. "ఇన్ని దినాలు బుగులు బుగులుగనే అడిగినవ్. ఒక్కపారి ధైర్యంగ అడిగి సూడు." సరేనన్నాను.

నా సెలవు రోజు గనుక తర్వాతి మంగళవారం సాయంత్రం పెట్టుకున్నాం. ఇంటి ముందు సందులో షామియానా వేశారు. బగారా అన్నం, కోడికూర, డబుల్ కా మీఠా. సంఘంవాళ్లు వచ్చారు, కాలనీవాళ్లు వచ్చారు. తమ్ముడిని పిలవకుండా ఎలా ఉంటాను? నా ఆదివారాలు మోసినవాడు. భార్యాపిల్లలతో వచ్చాడు. పాస్టరయ్యగారు వాక్యం చెప్పి, నన్నూ నా భార్యనూ నిలబెట్టి, కొత్త ఉద్యోగం ఇచ్చిన దేవునికి స్తోత్రం అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

భోజనాలయ్యాక తమ్ముడు సంచిలోంచి శాలువా తీశాడు. నేను వద్దంటున్నా వినకుండా నా భుజాల మీద కప్పాడు.

"ఫ్యాక్టరీ తరఫున ఫస్టు సన్మానం నాదే అన్నా. రేపు వాళ్లు పూలదండ తెస్తరో, స్టీలు డబ్బా తెస్తరో, నాకు తెల్వది."

అందరూ నవ్వారు. అది ఫ్యాక్టరీలో చెప్పొద్దు తమ్మీ, ఇంకా ఫోన్ రాలేదు అని అప్పుడే చెప్పాలి. చుట్టూ సంఘమంతా ఉంది. ఆమెన్ అన్న నోటితో ఆ మాట ఎలా అనాలో నాకు తెలియలేదు. డబుల్ కా మీఠా ఇంకాస్త వేసుకో అన్నాను.

బుధవారం ఫ్యాక్టరీ గేటు దగ్గరే సెక్యూరిటీ అతను సెల్యూట్ కొట్టాడు. "సార్, సైనిక్‌పురిల కొలువంట కదా! మాకేది దావత్?" లోపల మిషన్ల దగ్గర పిల్లలు చప్పట్లు కొట్టారు. ప్యాకింగ్‌లో ఉన్న ఆడవాళ్లు, "పోతే పోతివి గానీ సార్, మా టీ టైముకు గంట కొట్టేదెవరు?" అన్నారు. టీ టైం కాకముందే మేనేజర్ పిలిచాడు.

ఆయనది గుంటూరు వైపు. మాట మెత్తన.

"వెళ్తున్నారట కదండీ. ఇన్నేళ్ల మనిషి, నాతో ఒక్క మాట చెప్పలేదు."

"ఇంకా రాలేదు సార్."

"ఏది రాలేదు?"

"ఉద్యోగం."

ఆయన నా మొహం చూశాడు. "మరి భోజనాలు పెట్టారటగా? శాలువా కూడా కప్పారట?"

"అది మా నమ్మకం సార్. దొరుకుతుందని నమ్మి ముందే దేవునికి కృతజ్ఞత చెప్తాం."

"అంటే, అడ్వాన్సుగానా?"

నాకు నవ్వు రాలేదు. ఆయన కూడా ఎగతాళికి అనలేదు, అర్థం చేసుకోవడానికే అన్నాడు. అదే ఇంకా కష్టంగా ఉంది. ఎంతోమందికి సువార్త చెప్పిన నేను, ఆ ఒక్క సంగతి ఆయనకు చెప్పలేక నిలబడ్డాను.

"చూడండి" అన్నాడు. "మీరు వెళ్తున్నారని విని నేను హెడ్డాఫీసుకు చెప్పేశాను. వాళ్లు వేరే యూనిట్ నుంచి ఒకతన్ని పంపుతామన్నారు. మీరు వెళ్లేటట్టయితే రాజీనామా ఇవ్వండి. ఉండేటట్టయితే ఆ సంగతి నేను వాళ్లకు చెప్పుకుంటాను. కానీ ఆదివారం మాట ఇంక నా దగ్గర ఎత్తొద్దు. ప్రతి నెలా అదే పాట. శుక్రవారంలోపు చెప్పండి."

బయటికొచ్చి తమ్ముడిని పట్టుకున్నాను. "ఎందుకు చెప్పినవ్ రా?"

"ఏంది చెప్పుడు? ఊరంతటికీ అన్నం పెట్టి దాచిపెడ్తరా అన్నా?"

"కొలువు ఇంకా దొరకలేదు."

అతను నోరు తెరిచాడు. "దావత్ ఇచ్చినంక దొరకలేదంటవేందే! మాకు మొక్కు తీరినంకనే కదా గుట్టకు పోయేది. మీకు ఉల్టానా?"

అవును, ఉల్టానే. స్కూలుకు ఫోన్ చేశాను. మేడమ్ మీటింగ్‌లో ఉన్నారన్నారు. మళ్లీ చేశాను, ఊరెళ్లారన్నారు. గురువారం సగం రోజు సెలవు పెట్టి సైనిక్‌పురి వెళ్లాను. మేడమ్ నిజంగానే లేరు. ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చున్న అమ్మాయి నన్ను గుర్తుపట్టింది. నేను అడగకముందే ఆ పిల్ల మొహం చిన్నబోయింది.

"కూర్చోండి అంకుల్. మేడమ్‌కు మీరు నచ్చారు. కానీ ట్రస్ట్ వాళ్లు యంగ్‌గా ఉన్నవాళ్లు కావాలన్నారు. బస్సుల వెంట తిరగాలి కదా అంకుల్."

"ఎప్పుడనుకున్నరమ్మా ఇది?"

"పోయిన శుక్రవారమే. వేరే ఆయన చేరిపోయారు కూడా. నేనే మీకు ఫోన్ చేయాల్సింది, మర్చిపోయాను, సారీ అంకుల్."

పోయిన శుక్రవారం. అంటే మా ఇంటి ముందు షామియానా కట్టేసరికే ఆ కుర్చీలో వేరే మనిషి కూర్చున్నాడు. మేము ఆమెన్ అంటున్నప్పుడు అక్కడ అడగడానికి ఏమీ మిగల్లేదు. ఆ అమ్మాయి మంచినీళ్లు తెచ్చింది. తాగకుండా లేచాను. ఆమె మీద కోపం కాదు.

ఆ సాయంత్రం ఇంట్లో నేను ప్రార్థన చేయలేదు. నా భార్య చేసింది. నేను కళ్లు తెరిచే కూర్చున్నాను. వెనక కుర్చీ మీద మడతపెట్టిన శాలువా ఉంది.

"పాస్టరయ్యగారికి ఏం చెప్దాం?" అంది చివరికి.

"ఆయన్నే అడుగు. తలుపు తెరుచుకున్నదన్నడు గదా."

అలా అనకూడదు. దేవుని సేవకుణ్ణి అలా అనకూడదని నాకు తెలుసు. ఆమె లేచి గిన్నెలు కడగడానికి వెళ్లింది.

శుక్రవారం పొద్దున డ్యూటీకి వెళ్తూ ఉప్పల్ చౌరస్తా దగ్గర సిగ్నల్ పడి ఆగాను. మెట్రో పిల్లర్ల కింద కూలీల అడ్డా ఉంటుంది. అప్పటికే ఆటోలవాళ్లు, మేస్త్రీలు వచ్చి వయసులో ఉన్నవాళ్లను ఎక్కించుకుని పోయారు. మిగిలినవాళ్లు గోడకు ఆనుకుని, టిఫిన్ డబ్బాలు కాళ్ల దగ్గర పెట్టుకుని నిలబడి ఉన్నారు. అందరివీ నెరిసిన తలలే. బైబిల్లో యేసు చెప్పిన ద్రాక్షతోట యజమాని కథ నాకు గుర్తొచ్చింది. కూలీల కోసం ఆయన పొద్దుగూకే వేళ మరోసారి సంతవీధికి వచ్చి, ఎందుకిలా ఊరికే నిలబడ్డారని అడిగితే, మమ్మల్నెవరూ పనికి పిలవలేదని చెప్పిన మనుషులు. ఆ భాగం మీద ఎన్నో ప్రసంగాలు విన్నాను. చివర వచ్చినవాళ్లకూ సమానంగా కూలి ఇచ్చిన కృప గురించే అందరూ చెప్తారు, నేనూ పిల్లలకు అదే చెప్పాను. పొద్దుటి నుంచి నిలబడ్డ ఆ మనుషుల సంగతి ఎప్పుడూ ఆలోచించలేదు. వాళ్లెందుకు మిగిలిపోయారో ఆ అడ్డా చూస్తే అర్థమైంది. బహుశా వాళ్ల జుట్టు కూడా నెరిసి ఉంటుంది.

నిలబడాలంటే నిలబడతాను ప్రభువా, కానీ నువ్వు ఇంకోసారి ఈ వీధికి వస్తున్నావా లేదా, అది చెప్పు. సిగ్నల్ పచ్చబడి వెనక బండ్లు హారన్ కొట్టేదాకా ఆయనతో అదే అన్నాను. అది ప్రార్థనో, పోట్లాటో తెలియదు.

మేనేజర్ దగ్గరకు వెళ్లాను. ఇంట్లో చదువుకునే పిల్ల ఉంది. రాజీనామా ఇచ్చి నడిచే ధైర్యం నాకు లేదు. ఆదివారం మాట ఎత్తనని చెప్తే చాలు, పోయిన వారం ఉన్న చోటే ఉంటాను. నోటి దాకా వచ్చింది. కానీ ఆ మాట ఇస్తే ఆ బల్లను నా చేత్తో నేనే వదిలేసినట్టు. ఫ్యాక్టరీ లాక్కోవడం వేరు, నేను ఇచ్చెయ్యడం వేరు.

"ఉంటాను సార్. పెట్టిన డ్యూటీ చేస్తాను. ఆదివారమైనా చేస్తాను. కానీ అడగనని మాత్రం మాట ఇవ్వలేను. నెలకు మొదటి ఆదివారం ఒక్కటి, పొద్దున పూట. అది అడుగుతూనే ఉంటాను."

ఆయన పెన్ను పక్కన పెట్టాడు.

"మీరు మొండివారండీ."

"అవును సార్."

"ఉండండి. కానీ ఆ కొత్తతను ఎలాగూ వస్తున్నాడు, నేను ఆపలేను. పని చూపించండి." తలుపు దాకా వచ్చి, "ఆ తర్వాత సంగతి నా చేతుల్లో ఉండదు" అన్నాడు.

అంటే నా కొలువులోకి రాబోయే మనిషికి నేనే పని నేర్పాలి. అతను వచ్చాడు. మంచివాడే, చురుకైనవాడు. నన్ను అంకుల్ అంటాడు. వచ్చిన వారంలోనే నా ఆదివారం సంగతి అడిగి తెలుసుకున్నాడు, ఆదివారం డ్యూటీ చేయడానికి తనకేమీ అభ్యంతరం లేదట. మేనేజర్‌కు కూడా చెప్పాడట.

ఆ తర్వాతి నెల మొదటి ఆదివారం నేను స్టోర్స్‌లోనే ఉన్నాను. ఆరాధన మొదలయ్యే వేళకు తమ్ముడు టీ తెచ్చాడు. శాలువా సంగతి అప్పటినుంచి మా మధ్య రాలేదు. అతనికీ మనసులో ఉందని తెలుసు.

"మీ టైం అయింది కదా అన్నా. బస్తాల వెనుకకు పో, జర సేపు కండ్లు మూసుకో. లారీ వస్తే నేను చూస్త."

వెళ్లాను. బస్తాలకు ఆనుకుని మోకరించాను. హాలులో ఇప్పుడు తెల్లబట్ట తీస్తుంటారు అనుకుంటున్నాను. అప్పుడే లారీ హారన్, దాని మీద డ్రైవర్ తిట్లు, తమ్ముడు ఎదురుతిట్లు. "ఆగవయ్యా, లోపల ప్రార్థన నడుస్తున్నది!" అని అతను అరవడం విని నాకు నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చాయి. లేచి మోకాళ్లు దులుపుకుని వెళ్లి లారీ దించాను.

ఆ బుధవారం సంఘ ప్రార్థనలో సాక్ష్యాలు చెప్పే వేళ లేచి నిలబడ్డాను. "మా ఇంట్లో మీరందరూ భోజనం చేశారు. ఆ ఉద్యోగం రాలేదు. వేరేవాళ్లకు ఇచ్చేశారు. మనం కృతజ్ఞత చెప్పేనాటికే ఇచ్చేశారు. ఉన్న కొలువు కూడా కదులుతోంది" అన్నాను. ఎవరూ ఆమెన్ అనలేదు. ఆమెన్ అనే సాక్ష్యం కాదు అది. పాస్టరయ్యగారు తల వంచుకున్నారు. తర్వాత లేచి, నా మాట తొందరపడ్డది బ్రదర్ అన్నారు, అందరి ముందే. అది ఆయనకు తేలిక కాదని నాకు తెలుసు. నా కోపం కొంత తగ్గింది. మొత్తం కాదు.

ముందు వరసలో కూర్చునే ఒక పెద్దమ్మ ఉంది. కళ్లు సరిగా కనబడవు. మా కూడికలో రెండుసార్లు కూర అడిగి వేయించుకుంది.

"తిన్నది అరిగిపాయె తమ్మీ. అడిగింది అరగలే గదా? మల్ల అడుగుదాం" అంది. ఒక్క క్షణం ఆగి, "ఈసారి వండకుండ అడుగుదాం" అంది.

హాలంతా నవ్వింది. నేను నవ్వలేకపోయాను గానీ, ఇన్ని వారాల తర్వాత మోకరించినప్పుడు మాట వచ్చింది.

ఇప్పటికీ ఉద్యోగం దొరకలేదు. మా అమ్మాయి ప్రతి శనివారం వెబ్‌సైట్ తెరుస్తుంది, నా సంవత్సరం దాకా కిందికి జరుపుతుంది. మేనేజర్‌ను ఈ నెల మళ్లీ అడిగాను. ఇంకా జవాబివ్వలేదు. కాదని కూడా అనలేదు. జుట్టుకు రంగు మానేశాను. హాలు షట్టర్ తాళంచెవి ఇంకా నా స్కూటర్ తాళాల గుత్తిలోనే ఉంది, ఎవరూ వెనక్కి అడగలేదు.

ఇది చదివిన మీరు దేవుని నమ్మినవారైతే, చదవడం ఆపి ఒక్క నిమిషం నాతో కలిసి ప్రార్థించండి. నా తరఫున కృతజ్ఞత ఇప్పుడే చెప్పకండి. దొరికినప్పుడు నేనే చెప్పుకుంటాను, ఆ రోజు మిమ్మల్నీ భోజనానికి పిలుస్తాను. ఇప్పుడు అడగండి చాలు. వయసు మళ్లిందని ఎవరూ పనికి పిలవని నాలాంటివాళ్లు ఉప్పల్ అడ్డాలో ఉన్నారు, ఆఫీసుల వరండాల్లో ఉన్నారు, వాళ్లనూ కలుపుకుని అడగండి. ప్రభువా, పొద్దుపోయింది. మేమింకా నిలబడే ఉన్నాం. ఈ వీధికి ఇంకోసారి రా. ఒక్క ఆదివారం ఇప్పించు. ఆమెన్.